బావ కారు డిక్కీలో ఎర్ర లైటు: ఒక ఆంప్ డైరీ

మొదటి శనివారం

బావ మదనపల్లెలో పొద్దున్నే బయల్దేరి చింతామణి, హొస్కోట మీదుగా బెంగళూరు హూడిలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి పదకొండైంది, దిగీ దిగకముందే "ఇదిగో బామ్మర్దీ, ఇంజనీరువి కదా, దీని సంగతేందో చూడు" అని తాళం నా చేతిలో పెట్టేసినాడు. నేను చదివింది ఎలక్ట్రానిక్సే గానీ చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ పట్టదు, మిక్సీ ఆగిపోయినా నాకే ఫోన్ వస్తుంది.

కారు 2014 స్విఫ్ట్. ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, డిక్కీలో సీల్డ్ డబ్బాలో 12 అంగుళాల సబ్, అంటే బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్, దాని పక్కనే వీటన్నిటికీ పవర్ ఇచ్చే ఫోర్ ఛానెల్ ఆంప్, అంటే యాంప్లిఫయర్. ఆంప్‌లో రెండు ఛానెళ్ళు డోర్లకి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, సబ్‌కి ఇచ్చినారు. పోయిన దసరాకి ఒక షాపులో పెట్టించినాడంట, ఏ షాపు అనేది ఇక్కడ అనవసరం.

కంప్లయింట్లు మూడు. వాల్యూమ్ 40కి గాను 18 దాటితే చాలు టపీమని మొత్తం ఆగిపోతుంది, ఆంప్ మీద పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వస్తుంది, అదే ప్రోటెక్ట్, కారు ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే పాడుతుంది. రెండోది, ఇంజన్ ఆన్‌లో ఉంటే డోర్ స్పీకర్లలో దోమ రొద మాదిరి సన్నగా ఒక శబ్దం, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ అది కూడా గొంతు పెంచుతుంది. మూడోది బావ పోతా పోతా చెప్పినాడు, "హైవేలో బాగానే ఉంటాది రా, ఊర్లోకి వస్తేనే చస్తాది". ఈ మూడోదాన్ని నేను చెవికెక్కించుకోలేదు, ఊర్లో ఎండకి, ట్రాఫిక్‌కి వేడెక్కుతోందిలే అనుకున్నా.

షాపువాళ్ళేమో ఆంప్ పోయింది, ఇంకొంచెం పెద్దది తీసుకోండి అన్నారంట. నాకు అర్థం కానిదేంటంటే ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగయ్యేది పోయినట్టు ఎట్లా అవుతుంది? ప్రోటెక్ట్ అంటే ఆంప్ తనను తాను కాపాడుకోవడం, దానికి మామూలుగా ఉండే కారణాలు కొన్నే: వోల్టేజ్ పడిపోవడం, వేడెక్కడం, స్పీకర్ వైపు షార్ట్ గానీ మరీ తక్కువ ఓమ్స్ గానీ ఉండటం, లేదంటే నిజంగానే లోపల ట్రాన్సిస్టర్లు కాలి అవుట్‌పుట్‌లో డీసీ రావడం. ఆ చివరిది అయితే ఆన్ చేసిన క్షణమే ఎర్ర లైటు వస్తుంది, 18 దాకా ఆగదు.

బావ ఆర్టీసీ బస్సెక్కి వెళ్ళిపోయినాడు, కారు రెండు వారాలు నా దగ్గరే. సాయంత్రం మొదటి రీడింగులు తీసినా, నా దగ్గర ఉన్నది అదే పసుపు రంగు చవక మల్టీమీటర్. బ్యాటరీ ఇంజన్ ఆఫ్‌లో 12.5, ఆన్‌లో 14.1, అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ కులాసా. ప్రోటెక్ట్ వచ్చిన వెంటనే ఆంప్ మీద చెయ్యి పెట్టి చూసినా, గోరువెచ్చగా కూడా లేదు, కాబట్టి వేడి కాదు. ఆంప్ దగ్గర సబ్ వైర్లు పీకి ఓమ్స్ చూస్తే 3.7. ఈ సబ్‌కి కోన్‌ని కదిపే వాయిస్ కాయిళ్ళు రెండు, ఒక్కోటీ 2 ఓమ్స్, రెండూ సిరీస్‌లో కలిపితే 4, మీటర్‌లో డీసీ రెసిస్టెన్స్ ఎప్పుడూ రాసిన దానికన్నా కొంచెం తక్కువే చూపిస్తుంది, కాబట్టి 3.7 అంటే సరిగ్గానే ఉన్నట్టు. పుస్తకంలో "సబ్ ఓకే" అని రాసి కింద గీత కూడా గీసినా. ఆ గీత వల్లే ఒక వారం పోయింది.

ఆదివారం

ఇవాళ అసలు పని. పాట పెట్టి వోల్టేజ్ చూస్తే అంకెలు ఎగురుతా ఉంటాయి, ఏదీ పట్టుకోలేము, అందుకని ఎగుడుదిగుడు లేకుండా ఒకే తీరుగా మోగే 50 హెర్ట్జ్ టోన్ ఒకటి ఫోన్‌లో వేసుకుని వాల్యూమ్ 17లో పెట్టినా. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఆ ఊఁ శబ్దానికి పక్క కారు డోర్ కూడా అదిరింది, రెండు నిమిషాల్లో సెక్యూరిటీ అన్న వచ్చి "స్వల్ప కడిమె మాడి సార్, మేలె కేళ్తా ఇదారె" అన్నాడు, కొంచెం తగ్గించండి, పైవాళ్ళు అడుగుతున్నారు అని. ఐదు నిమిషాలు టైం అడుక్కున్నా.

బ్యాటరీ దగ్గర 13.6. ఆంప్ టర్మినళ్ళ దగ్గర 11.0. మధ్యలో 2.6 వోల్ట్‌లు ఎవరు తిన్నారు? ఇది స్టెడీ టోన్‌లో పరిస్థితి, అదే పాటలో డ్రమ్ము పడినప్పుడు క్షణం పాటు ఇంకా కిందికి పోతుంది, ఈ చవక మీటర్ అంత వేగంగా చూపించలేదు, చాలా ఆంప్‌లు 10 వోల్ట్‌ల చుట్టుపక్కలకి వస్తే కట్ అయిపోతాయి. సరే, ఎవరు తిన్నారో పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. మీటర్ ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ ఆంప్ ప్లస్ మీద పెట్టి డీసీ వోల్ట్స్ చూస్తే ఆ వైర్‌లో ఎంత పోతోందో నేరుగా కనపడుతుంది, అట్లాగే మైనస్‌కి మైనస్. బానెట్ నుంచి డిక్కీ దాకా ప్రోబ్ అందదు కదా, ఇంట్లో పాత ల్యాన్ కేబుల్ ఉంటే దాంట్లో ఒక తీగ వాడినా, మీటర్ దాదాపు కరెంటే లాగదు కాబట్టి ఎంత సన్నటి తీగైనా పర్లేదు.

ప్లస్ వైపు 0.9. మైనస్ వైపు 1.7.

మైనస్ వైపు 1.7 అంటే ఘోరం, కార్లో మైనస్‌కి బాడీ రేకే దారి, ఆంప్ నుంచి రేకు దాకా ఉండే గ్రౌండ్ వైర్ అర మీటర్ కూడా లేని ముక్క. బ్యాటరీ మైనస్ పీకి, కార్పెట్ ఎత్తి చూస్తే గ్రౌండ్ వైర్‌ని తీసుకొచ్చి డిక్కీ నేల మీద ఒక స్క్రూ కింద పెట్టి బిగించినారు, పెయింట్ మీదనే! పెయింట్ గీకనే లేదు, కరెంటంతా ఆ స్క్రూ మరల మీదుగా ఎట్లో దూరి పోతా ఉంది, వైర్ కొనకుండే లోహపు రింగు, అదే లగ్, దాని చుట్టూ పెయింట్ కొంచెం గోధుమరంగు తిరిగింది. స్క్రూ తీసేసి, దాని పక్కనే అడుగున పెట్రోల్ పైపు గానీ వైరింగ్ గానీ లేవని కారు కిందికి దూరి చూసుకుని, రూపాయి బిళ్ళంత మేర పెయింట్‌ని ఉప్పుకాగితంతో తళతళలాడే దాకా గీకి, నట్టు బోల్టు, పళ్ళున్న వాషర్ వేసి బిగించినా, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూసినా. సీట్‌బెల్ట్ బోల్టు అక్కడే చేతికి అందేలా ఉంటుంది, చాలామంది దానికే కట్టేస్తారు, అది ప్రాణానికి సంబంధించిన బోల్టు, దాన్ని ముట్టుకోకూడదు.

మళ్ళీ టోన్. మైనస్ వైపు 0.15. ఆంప్ దగ్గర 12.5. దోమ రొద కూడా సగానికి సగం తగ్గింది. నాకు నేనే వీపు తట్టుకుని బావకి ఫోటోలు పంపినా, బావ నుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

మధ్యలో ఆఫీసు రోజులు

సోమవారం కార్లోనే ఆఫీసుకి పోయినా. వాల్యూమ్ 22. బ్రహ్మాండంగా పాడుతోంది, కాలనీ దాటే చోట హంప్ మీద ఎక్కి దిగినానో లేదో టపీమని ఎర్ర లైటు. బుధవారం ఒకసారి, గురువారం రెండుసార్లు. ఇంకా ప్లస్ వైపు 0.9 పోతోంది కదా, అదే అయ్యుంటుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నా. బుర్రలో ఒక కారణం కూర్చుంటే ఇంక రెండోది కనపడదు, మా ఆఫీసులో బగ్గులు వెతికేటప్పుడు కూడా ఇదే వరస.

రెండో శనివారం, ఎస్పీ రోడ్డు

పాత పవర్ వైర్ చివర చాకుతో కోసి ఫోన్ కెమెరాతో దగ్గరగా చూసినా. పైన రాగి రంగు, కోసిన చోట ప్రతి పోగు మధ్యలో తెల్లగా వెండి చుక్క. అంటే అల్యూమినియం మీద రాగి పూత, మార్కెట్లో సీసీఏ అంటారు. అల్యూమినియం కరెంటు మోసే శక్తి రాగిలో 60 శాతం చిల్లరే. పైగా వైర్ మీద 8 గేజ్ అని రాసుంది (గేజ్ అంకె పెరిగే కొద్దీ వైర్ సన్నం), లోపల చూస్తే లోహం కన్నా ప్లాస్టిక్కే ఎక్కువ, లెక్క వేస్తే 10 గేజ్ ఉంటే గొప్ప. సబ్ టోన్‌కి ఈ ఆంప్ లాగేది దాదాపు 30 ఆంపియర్లు, 5 మీటర్ల పొడుగు, ఇంకేముంది, 0.9 వోల్ట్‌లు పోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంకో మాట, పైన వెండి రంగు ఉండి గీకితే లోపల రాగి కనపడితే అది తగరం పూత వేసిన మంచి రాగి వైర్, దాన్ని చూసి భయపడక్కర్లేదు, ఇది దానికి సరిగ్గా తిరగేసిన కేసు.

కారు ఆడియో కిట్లు జేసీ రోడ్డులో దొరుకుతాయి, కానీ నేను హూడిలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి చిక్‌పేటలో దిగి నడుచుకుంటా ఎస్పీ రోడ్డుకి పోయినా, ఎందుకంటే నాకు కావాల్సింది వెల్డింగ్ కేబుల్. 25 స్క్వేర్ ఎంఎం రాగి, మెత్తటి రబ్బరు తొడుగు, వంచితే తాడులాగా వంగుతుంది, కారు కిట్ వైర్ల కన్నా చవక. జాగ్రత్త ఏంటంటే వెల్డింగ్ కేబుల్లో కూడా అల్యూమినియంవి ఉన్నాయి, కొనే ముందు ఒక పోగు గీకి చూపించమనాలి. షాపాయన "ఎన్ని యాంపుల మిషనప్పా" అని అడిగినాడు, కార్లో పాటలకి అంటే ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, ఆయన కూడా కుప్పం వైపు మనిషేనంట, "మా వాడు కూడా ఇట్లే ఉంటాడు" అన్నాడు. లగ్గులు అక్కడే ప్రెస్ చేయించుకున్నా, ఇంట్లో సుత్తితో కొట్టిన లగ్గుకి, అక్కడ మిషన్‌తో నొక్కిన లగ్గుకి పోలికే లేదు. 60 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు, రంధ్రాల అంచుకి వేసే రబ్బరు గ్రోమెట్లు, వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం రెండు మీటర్లు, జిప్ టైలు ఒక కట్ట.

ఆదివారం, వైర్ మార్చిన రోజు

పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడైంది, వీపు విరిగింది. డోర్ కింద ప్లాస్టిక్ పట్టీలు పీకేటప్పుడు రెండు క్లిప్పులు విరిగినాయి, అది బావకి చెప్పలేదు.

ఈ రోజు చూసింది మాత్రం చెప్పి తీరాలి. ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ ఉంటుంది, దాంట్లో రంధ్రం చేసి వైర్ లోపలికి తెచ్చినారు, రబ్బరు గ్రోమెట్ వేయలేదు. రేకు అంచు వైర్ తొడుగుని చాకులాగా కోస్తా వచ్చింది, వేలు పెట్టి తడిమితే లోపలి పోగులు గరుకుగా తగులుతున్నాయి. ఇదొకటి చాలదన్నట్టు ఫ్యూజు ఎక్కడుంది? క్యాబిన్ లోపల, డాష్‌బోర్డు కింద. అంటే బ్యాటరీ నుంచి ఆ గోడ దాకా ఉన్న వైర్‌కి ఫ్యూజే లేదు! ఆ కోత ఇంకొంచెం లోతుకి దిగి రేకుకి తగిలుంటే బ్యాటరీ మొత్తం కరెంటు ఆ వైర్‌లో దిగి ఎర్రగా కాలిపోయేది, ఆపడానికి మధ్యలో ఏమీ లేదు. ఆ కార్లో మా అక్క, పిల్లోడు తిరుగుతున్నారు. ఫ్యూజు ఆంప్ కోసం కాదు, వైర్ కోసం, అందుకే బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. ఫోటో పంపితే ఈసారి బావ బొటనవేలు బొమ్మ పంపలేదు, ఫోన్ చేసినాడు, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత షాపువాణ్ణి మా భాషలో నాలుగు మాటలన్నాడు.

పాత ఫ్యూజు హోల్డర్ ప్లాస్టిక్ ఒక పక్క కరిగి జారింది. 0.9లో కొంత వాటా దీనిది కూడా.

కొత్త వైర్ ఒక పక్కనుంచి, సిగ్నల్ వైర్లు అవే ఆర్సీఏలు రెండో పక్కనుంచి తెచ్చినా, ఇంతకుముందు రెండింటినీ కలిపి ఒకే టేపు చుట్టి పెట్టినారు. రేకు గోడలో గ్రోమెట్, దాని మీద ప్లాస్టిక్ కండ్యూట్. గ్రౌండ్ ముక్క కూడా అదే కేబుల్‌తో మార్చినా.

టోన్ పెడితే ప్లస్ వైపు 0.15, మైనస్ వైపు 0.08, ఆంప్ దగ్గర 13.4. రొద ఇప్పుడు చెవి ఆనిస్తే తప్ప వినపడనంత. ఇంక పార్టీ అడగడమే తరువాయి.

సోమవారం

అదే హంప్. వాల్యూమ్ 24. ఎర్ర లైటు.

కారు పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నా. అప్పుడు గుర్తొచ్చింది బావ మాట, హైవేలో బాగానే ఉంటాది, ఊర్లోకి వస్తేనే చస్తాది. హొస్కోట దాకా రోడ్డు నున్నగా ఉంటుంది. ఊర్లో ఏముంటాయి? హంపులు, అందులో సగానికి పెయింటు కూడా ఉండదు. వేడీ కాదు, ట్రాఫిక్కూ కాదు, కుదుపు! మొదటి రోజే చెప్పినాడు మనిషి, నేనే వినలేదు.

రాత్రి తొమ్మిదికి కిందికి దిగి ఆంప్ దగ్గర సబ్ వైర్లు పీకి మీటర్ పెట్టినా. 3.7. కదలకుండా ఉంటే 3.7. ఈసారి మీటర్ కనపడేలా పెట్టుకుని డబ్బా మీద పిడికిలితో ఒక గుద్దు గుద్దినా. 3.7... 1.9... 3.7. ఇంకోటి గుద్దినా. 1.9 దగ్గర ఒక క్షణం ఆగి మళ్ళీ 3.7. నాకు నవ్వొచ్చింది, చీకట్లో డిక్కీలో తల దూర్చి డబ్బాని కొట్టి నవ్వుతున్న నన్ను చూసి సెక్యూరిటీ అన్న దగ్గరికి రాలేదు, దూరంగానే నిలబడ్డాడు.

సరిగ్గా సగం అవుతోందంటే ఒక కాయిల్ పూర్తిగా తప్పుకుంటోందన్న మాట. ఎనిమిది స్క్రూలు విప్పి సబ్ పైకి ఎత్తినా, అయస్కాంతం బరువుకి చేతులు వణికినాయి. రెండు కాయిళ్ళని సిరీస్‌లో కలపాలంటే మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి ఒక జంపర్ వైర్ వేస్తారు. ఆ జంపర్‌కి మొదటి కాయిల్ వైపు అంగుళం పైన తొడుగు వలిచేసి, బోడి పోగుల్ని మెలితిప్పి టర్మినల్లో గుచ్చి వదిలేసినారు, సోల్డరింగ్ లేదు, టేపు లేదు, వైరేమో వదులుగా వేలాడుతోంది. కారు కుదిపినప్పుడల్లా ఆ బోడి అంగుళం ఊగి పక్కనే ఉన్న ప్లస్ టర్మినల్‌కి తగులుతుంది, మొదటి కాయిల్ షార్ట్, ఆంప్‌కి కనపడేది 2 ఓమ్స్. ఈ ఆంప్ బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్స్ కన్నా తక్కువ వద్దని దాని మాన్యువల్లోనే ఉంది. వాల్యూమ్ తక్కువుంటే ఎట్లో సర్దుకుంటుంది, గట్టిగా పాడేటప్పుడు 2 ఓమ్స్ తగిలితే చేతులెత్తేస్తుంది. పాపం ఆంప్, ఇన్నాళ్ళూ అది ఒక్కటే తన పని తాను సరిగ్గా చేసింది.

టర్మినల్ దగ్గర ఒక పోగు కొన నల్లగా కాలి చిన్న గుండుసూది తలకాయలాగా ముద్దకట్టింది. దాన్ని కత్తిరించి, కొత్త జంపర్ సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ తొడిగి, ఫ్రేమ్‌కి జిప్ టై కట్టినా. మళ్ళీ గుద్దులు, ఈసారి లెక్కపెట్టి ఇరవై. 3.7, కదల్లేదు.

గురువారం, గెయిన్

షాపువాళ్ళు గెయిన్ పూర్తిగా తిప్పి, బేస్ బూస్ట్ కూడా పైకి పెట్టి ఇచ్చినారు. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులో ఉండే స్టీరియో) ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే మర. ముందు బేస్ బూస్ట్ సున్నా. స్పీకర్ వైర్లు పీకేసి, హెడ్ యూనిట్ వాల్యూమ్ 30లో పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, ఆంప్ అవుట్‌పుట్‌లో ఏసీ వోల్ట్స్ చూడాలి. ఎంత రావాలి అంటే వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయాలి. సబ్‌కి 200 వాట్స్, 4 ఓమ్స్, అంటే 800, దాని వర్గమూలం 28.3. నేను 27లో ఆపినా. డోర్లకి 60 వాట్స్ చొప్పున 15.5 రావాలి, దానికి 200 హెర్ట్జ్ టోన్ వాడినా, ఇట్లాంటి చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ సరిగ్గా చూపించవు. తర్వాత సబ్‌కి లో పాస్ 80, డోర్లకి హై పాస్ 80, అంటే 80 హెర్ట్జ్ కన్నా కింది శబ్దాలు సబ్‌కి, పైవి డోర్లకి. సబ్ కదలికని తిరగేసే ఫేజ్ స్విచ్ 180కి మారిస్తే డ్రైవర్ సీట్లో బేస్ ఇంకొంచెం నిండుగా అనిపించింది, అట్లాగే ఉంచినా.

బూస్ట్ తీసేసరికి మొదట్లో బేస్ తగ్గినట్టే ఉంది, పది నిమిషాలు వింటే తెలిసింది, ఇంతకుముందు విన్నది బేస్ కాదు, డబ్బా మొరగడం. ఇప్పుడు మృదంగం మృదంగంలాగే ఉంది.

శనివారం, అప్పగింతలు

బావ వచ్చినాడు. నేరుగా ఆ హంప్ దగ్గరికే తీసుకుపోయి, వాల్యూమ్ 28లో పెట్టి మూడుసార్లు ఎక్కించి దించినా. పచ్చ లైటే. నాలుగోసారి తనే తోలుతానని తోలినాడు, నాకన్నా వేగంగా, కింద రేకు గీసుకుంది కూడా, అయినా పచ్చ లైటే.

మరి ఆ మిగిలిన కాస్త రొద సంగతేంటి అన్నాడు, నిజమే, బావ ఫోన్ పెట్టగానే మళ్ళీ మొదలైంది. చూస్తే ఫోన్‌ని ఆక్స్ వైర్‌తో హెడ్ యూనిట్‌కి తగిలించినాడు, అదే ఫోన్‌ని సిగరెట్ సాకెట్లో చవక ఛార్జర్‌కీ పెట్టినాడు, ఒకే ఫోన్‌కి రెండు దారుల్లో గ్రౌండ్. ఛార్జర్ పీకితే నిశ్శబ్దం, పెడితే దోమ. బ్లూటూత్ పెట్టుకో బావా, ఉంది కదా అంటే దాంట్లో క్వాలిటీ ఉండదు అన్నాడు. ఛార్జర్ తీసెయ్ అంటే మ్యాప్ చూసుకునేదానికి ఛార్జింగ్ ఉండద్దా అన్నాడు, నెలకి రెండుసార్లు వచ్చే మదనపల్లె దారికి మ్యాపెందుకో నాకైతే తెలీదు. ఆక్స్ వైర్ మధ్యలో తగిలించి ఆ గ్రౌండ్ దారిని తెంచే ఐసొలేటర్ ఒకటి దొరుకుతుంది, మళ్ళీసారి ఎస్పీ రోడ్డుకి పోయినప్పుడు తెస్తానని చెప్పినా. ఈలోగా విరిగిన క్లిప్పులు రెండూ బావే చూసేసినాడు.